రంగులేస్తే కాలేజీ బాగైపోద్దా?

మేం డిగ్రీ చదివే రోజుల్లో ఫిజిక్స్ ల్యాబులో ఒక ప్లాస్టిక్ బకెట్ ఉండేది. ప్రయోగాలకి కాదండి. జులైలో వాన పట్టిందంటే శ్లాబులోంచి కారే నీళ్ళు పట్టడానికి. బకెట్ నిండగానే అటెండరు బాబాయి వచ్చి పారబోసేవాడు. మేం బల్ల ఇంకో అడుగు పక్కకి లాక్కునేవాళ్ళం. ఆ ఏడాది ఎవరో పెద్దాయన వస్తున్నారని కాలేజీకి రంగులేశారు. గోడలకి లేత పసుపు, కిటికీలకి నీలం. ఫొటోలు భలే వచ్చాయి. మళ్ళీ వానొచ్చింది. బకెట్టూ మళ్ళీ దాని చోటికి అది వచ్చేసింది.

మా పెదనాన్న తాపీమేస్త్రి. ఈ సంగతి చెప్తే నవ్వేసి, "పైన నీళ్ళు నిలబడుతుంటే కింద రంగేసి ఏం లాభంరా? జొరమొచ్చినోడికి పౌడరు రాసినట్టు" అన్నాడు. ఆ మాట అప్పుడు నవ్వులాటగా ఉంది. ఇప్పుడు ఏ కాలేజీ ముందు శంకుస్థాపన పలక చూసినా అదే గుర్తొస్తాది.

మన పిల్లలు చదివే గవర్నమెంటు డిగ్రీ కాలేజీ, జూనియర్ కాలేజీ, పాలిటెక్నిక్, ఐటీఐ.. వీటికి బిల్డింగులు ఎలా వస్తాయి, ఎందుకు తొందరగా పాడైపోతాయి, బాగుచేస్తున్నాం అన్నప్పుడు మనం ఏం చూడాలి? ఇంజినీర్లకే తెలియాల్సిన విషయాలు అనుకుని వదిలేస్తాం గానీ, చేనూ చెరువూ తెలిసిన గోదారి పిల్లలకి ఇందులో అర్థంకానిది ఏమీ లేదు.

కాలవకి ఉన్న అదృష్టం కాలేజీకి లేదు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది. ఆ మరుసటి ఏడే, 1853లో, రాజమండ్రిలో ఒక బడి మొదలైంది. 1873కి అదే కాలేజీ అయ్యింది. మనం ఇవాళ ఆర్ట్స్ కాలేజీ అని పిలుచుకునేది అదే. కందుకూరి వీరేశలింగం గారు అక్కడ తెలుగు పండితులుగా చేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పాఠాలు చెప్పారు. కాకినాడలో పిఠాపురం రాజా కాలేజీ 1884 నాటిది. భీమవరంలో ఇప్పటి డీఎన్నార్ కాలేజీ 1945లో వచ్చింది. అంటే మన డెల్టాలో నీళ్ళూ చదువూ ఇంచుమించు కలిసే నడిచాయి.

కానీ ఒక్క తేడా చూడండి. ఆనకట్ట కట్టిన నాటి నుంచి కాలవలకి ఒక అలవాటు పెట్టారు. ఎండాకాలంలో దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. ఆ నెలన్నర, రెండు నెలల్లో పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, లాకులకీ తూములకీ మరమ్మతులు చేస్తారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఆ పని ఎంత బాగా జరుగుతుంది, ఎంత తూతూమంత్రంగా జరుగుతుంది అన్నది వేరే గొడవ. కనీసం 'ఏడాదికోసారి బాగుచెయ్యాలి' అన్న మాట అందరికీ తెలుసు. చెయ్యకపోతే శివారు రైతు రోడ్డెక్కుతాడు.

కాలేజీకీ సరిగ్గా అదే ఎండాకాలంలో సెలవులొస్తాయి. మరి ఆ సెలవుల్లో శ్లాబెక్కి చూసేవాళ్ళు ఎవరు? నీళ్ళు పోయే గొట్టంలో ఆకులు అడ్డం పడ్డాయా, పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచిందా అని చూసేవాళ్ళు ఎవరు? చాలాచోట్ల ఎవరూ లేరు. బిల్డింగు కట్టడానికి స్కీము ఉంటాది, దాన్ని కాపాడుకోడానికి అలవాటు ఉండదు. అసలు జబ్బు ఇక్కడే ఉంది.

డబ్బులు ఎలా వస్తాయి

కాలేజీల బిల్డింగులకి ఈ పదేళ్ళలో పెద్ద దారి 'రూసా'. కేంద్రం 2013లో మొదలెట్టిన రాష్ట్రీయ ఉచ్చతర శిక్షా అభియాన్. 2023 నుంచి దాన్నే పీఎం-ఉష అంటున్నారు. రూసాలో డిగ్రీ కాలేజీలకి వసతుల కింద 2 కోట్లు ఇచ్చే పద్దతి ఉండేది. మన రాష్ట్రం లాంటి వాటికి కేంద్రం 60 పైసలు, రాష్ట్రం 40 పైసలు. అంటే 2 కోట్లలో కోటీ 20 లక్షలు ఢిల్లీవి, 80 లక్షలు మనవి.

ఆ 2 కోట్లని ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెట్టడానికి లేదు. 35 శాతం కొత్త కట్టడానికి, 35 శాతం పాతవి బాగుచెయ్యడానికి, 30 శాతం సామాన్లకి. లెక్కేస్తే కొత్త గదులకి 70 లక్షలు, మరమ్మతులకి 70 లక్షలు, కంప్యూటర్లు ల్యాబు సామాన్లకి 60 లక్షలు. కొత్తదానికి ఎంతో పాతదానికీ అంతే అని రూలే చెప్తోంది. కానీ రిబ్బను కొత్తదానికే కట్ చేస్తారు. 'ఫలానా శ్లాబు కారడం ఆగింది' అని ఎవరైనా పలక వేయించుకున్నారా?

ఇంకో మెలిక ఉంది. డబ్బు ఒకేసారి రాదు. మొదటి విడత ఖర్చుపెట్టి, లెక్కల కాయితం, అదే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపిస్తేనే తర్వాతది వస్తాది. రాష్ట్రం వాటా ఆలస్యమైనా, కాలేజీ కాయితం ఆలస్యమైనా పని మధ్యలో ఆగిపోద్ది. శ్లాబు వరకు లేచి ఊచలు ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డ బిల్డింగులు మీరూ చూసే ఉంటారు. ఆ ఊచలు వానకి తుప్పు పడుతుంటాయి. ఆలస్యం అంటే టైము పోవడమే కాదు, కట్టినదాని ప్రాణం కూడా పోతాది.

పని నడిచే దారి ఇదీ: కాలేజీ ప్రపోజలు పెడుద్ది. ఇంజినీర్లు ఎస్టిమేటు వేస్తారు. పరిపాలనా అనుమతి, దాని వెనక సాంకేతిక అనుమతి. తర్వాత టెండరు, అగ్రిమెంటు. పని జరుగుతుంటే కొలతలు 'ఎం-బుక్'లో రాస్తారు. ఎం-బుక్‌లో ఎక్కిన కొలతకే బిల్లు. పని అయ్యాక కూడా కొంతకాలం తప్పులు బయటపడితే కాంట్రాక్టరే సొంత డబ్బుతో సరిచెయ్యాలని అగ్రిమెంటులో ఉంటాది. దాన్ని డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కొత్త శ్లాబు మొదటి వానకే కారిందనుకోండి, ఆ గడువు లోపల రాతపూర్వకంగా చెప్తే కాలేజీకి ఒక్క రూపాయి ఖర్చు కాదు. గడువు దాటాక చెప్తే మళ్ళీ కొత్త ఎస్టిమేటు, కొత్త టెండరు, ఈలోగా పాత బకెట్టు.

మన నేల సంగతి వేరు

రాయలసీమలో రాతి మీద కట్టినట్టు ఇక్కడ కడితే కుదరదు. మనది రేగడి, ఒండ్రు. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిస్తాది. ఆ ఉబ్బడం తగ్గడం కింద జరుగుతుంటే పైన గోడ మూలగా చీలిపోద్ది. మెట్టు మెట్టుగా ఏటవాలు పగులు కనపడిందంటే చాలాసార్లు జబ్బు పునాదిలోనే ఉన్నట్టు. దాన్ని సిమెంటు పూసి మూస్తే మళ్ళీ వేసవికి అక్కడే విచ్చుకుంటాది.

ఇలాంటి నేలకి మందు ఉంది. కింద గుమ్మడికాయలా ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ వేస్తారు. అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు. రూర్కీలో ఉన్న కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసమే ఈ పద్దతిని బాగా అభివృద్ధి చేసింది. నేల పైపొర ఎంత కదిలినా, కింద గట్టి పొరలో ఆ గుమ్మడికాయ పట్టుకుని ఉంటాది.

ఇంకోటి. కాలేజీకి ఊళ్ళో మంచి స్థలం ఎవరిస్తారండి? చాలాచోట్ల దక్కేది పల్లపు భూమి, లేకపోతే పూడ్చిన చెరువు. మట్టి తోలి మెరక చేసి కడతారు. తోలిన మట్టిని పొరలు పొరలుగా వేసి, తడిపి, రోలరుతో తొక్కించకపోతే నాలుగేళ్ళకి గచ్చు కుంగుద్ది. అందుకే సాయిల్ టెస్ట్ చేశారా లేదా అన్నది మొదటి ప్రశ్న.

గచ్చు ఎత్తు రెండో ప్రశ్న. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. 1996 నవంబరు తుపాను కోనసీమని ఏం చేసిందో ఇంట్లో పెద్దోళ్ళని అడగండి. లంకల దగ్గరా, సముద్రం వారా కట్టే కాలేజీ బిల్డింగు పాఠాల కోసమే కాదు, ఆపదలో ఊరంతా తలదాచుకునే చోటు కూడా. దాని గచ్చు ఊరి రోడ్డు కంటే కిందుంటే ఇక దేనికి?

రొయ్యల చెరువు లెక్క కాంక్రీటుకీ పనికొస్తాది

ఇది మన కుర్రాళ్ళకి బాగా అర్థమవుద్ది. చెరువులో సీడ్ వేసే ముందు ఏం చేస్తారు? సెలినిటీ చూస్తారు. పీపీటీ ఎంతుందో చూడకుండా లక్షలు పెట్టి సీడ్ వేసే రైతు ఎవరూ ఉండరు. మరి కాంక్రీటు కలిపే నీళ్ళలో ఉప్పెంతో ఎవరైనా చూశారా?

మన దేశంలో కాంక్రీటు పనికి ఐఎస్ 456 అనే ప్రమాణం ఉంది, 2000 నాటిది. ఊచలున్న కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని అందులో ఉంది. సముద్రపు నీళ్ళ ఉప్పు 35 పీపీటీ అయితే అందులో క్లోరైడు లీటరుకి 19 వేల మిల్లీగ్రాముల పైన. ఆ లెక్కన 1 పీపీటీ నీళ్ళలోనే ఇంచుమించు 550. అంటే రొయ్యకి 'అసలు ఉప్పే లేదు' అనిపించే నీళ్ళు కూడా ఇనప ఊచకి ఎక్కువే! భీమవరం, నరసాపురం, అంతర్వేది వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పదేరి ఉంటాయి. ఆ బోరు పైపే తిప్పి కాంక్రీటు కలిపితే బిల్డింగు పుట్టిన రోజునే దానికి జబ్బు ఎక్కించినట్టు.

ఉప్పు లోపలికెళితే ఊచ తుప్పు పడుద్ది. తుప్పు పట్టిన ఇనుము రెండింతల నుంచి ఆరింతల వరకు ఉబ్బుద్ది. ఆ ఉబ్బు లోపల్నుంచి కాంక్రీటుని తోస్తాది. మొదట సన్న పగులు, తర్వాత గోధుమరంగు చార, ఆ తర్వాత పెచ్చులూడి కిందపడటం. పిల్లల నెత్తి మీద పడే పెచ్చు ఆ రోజు పుట్టింది కాదండి. పదేళ్ళ కిందట బోరు పైపులో పుట్టింది.

అందుకే ఊచకీ బయటి గాలికీ మధ్య కాంక్రీటు మందం ఎంతుండాలో కూడా ఆ ప్రమాణంలో ఉంది. మామూలు చోట 20 మిల్లీమీటర్లు, ఒక మోస్తరు చోట 30, సముద్రపు గాలి నేరుగా కొట్టే చోట 45. శ్లాబు పోసే ముందు ఊచల కింద కవర్ బ్లాకులు పెట్టేది ఇందుకే. రాయి ముక్కో, చెక్క ముక్కో పెట్టి పోస్తుంటే అక్కడే అడగాలి. అలాగే క్యూరింగు. మామూలు సిమెంటుకైతే కనీసం 7 రోజులు తడపాలి. ఎండలు ముదిరిన చోట 10 రోజులు. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ లాంటి కలిపిన సిమెంటుకి మామూలుగా 10, ఎండల్లో అయితే 14 రోజులు. వేసవి సెలవుల్లో పని జరుగుద్ది, కాలేజీలో మనిషుండడు, నీళ్ళు కొట్టేవాడూ ఉండడు. కాంక్రీటు దాహంతో చస్తాది.

పాత బిల్డింగుకి సిమెంటు విషం

పాత కాలేజీల్లో మందం గోడలు, ఎత్తు గదులు, టేకు దూలాల మీద ఇటికలు నిలువుగా పేర్చి గానుగ సున్నంతో వేసిన మద్రాసు మిద్దె కనపడతాయి. ఇవి ఊపిరి పీల్చే గోడలండి. వానకి కొంచెం తడి తాగుతాయి, ఎండకి వదిలేస్తాయి. బాగుచేస్తున్నాం అని వాటి మీద సిమెంటు ప్లాస్టింగ్ చేసి, పైన ఆయిల్ పెయింటు వేస్తే తడి బయటికి పోలేదు. లోపలే ఉండిపోయి ఇటికని పిండి చేస్తాది. పైకి నునుపు, లోపల గుల్ల. సున్నపు గోడకి సున్నంతోనే వైద్యం చెయ్యాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. ఉన్నవాళ్ళ చేత ఐటీఐ పిల్లలకి నేర్పించి, ఆ పిల్లల చేతే ఇలాంటి మరమ్మతులు చేయిస్తే కాలేజీ నిలబడుద్ది, వాళ్ళకీ పని దొరుకుద్ది.

కాంక్రీటు మన్నిక గురించి ఇంజినీర్లు చెప్పుకునే ఐదింతల సూత్రం ఒకటుంది. డి సిట్టర్ అనే ఆయన 1984లో చెప్పింది. కట్టేటప్పుడే సరిగ్గా చెయ్యడానికి 1 రూపాయి అయితే, తుప్పు మొదలవ్వకముందు కాపాడుకోడానికి 5, అక్కడక్కడా మొదలయ్యాక 25, అంతా పాకిపోయాక 125. ఇది కచ్చితమైన కొలత కాదు, మోటు లెక్క. అయినా బండి సర్వీసింగ్ ఎగ్గొట్టి ఇంజను మార్పించుకున్నోళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ఎవరి కోసం కడుతున్నాం

కొత్త బ్లాకు కట్టి, దానికి మెట్లు మాత్రమే పెడితే వీల్‌చైర్‌లో వచ్చే పిల్ల ఏ గదిలో చదవాలి? వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017లో రూల్స్ వచ్చాయి. పాత ప్రజా భవనాలు కూడా 5 ఏళ్ళలో అందరూ వెళ్ళేలా మార్చాలని చట్టంలో ఉంది. ఆ గడువు దాటిపోయి చాలా కాలమైంది. ర్యాంపు అంటే సిమెంటు జారుడుబల్ల కాదు. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి. 2 అడుగుల గచ్చుకి 24 అడుగుల ర్యాంపు. ఈసారి మీ కాలేజీలో ర్యాంపు టేపుతో కొలవండి, సంగతి తెలుస్తాది.

అమ్మాయిల బాత్రూములదీ అదే కథ. గదులు కడతారు, టైల్స్ వేస్తారు, ట్యాంకుకి మోటారు పెట్టరు. పొద్దున్న ఊళ్ళో నుంచి బస్సెక్కిన పిల్ల సాయంత్రం ఇంటికెళ్ళే దాకా మంచినీళ్ళు తాగడం మానేస్తోందంటే ఆ బిల్డింగు లెక్కల్లో పూర్తయినట్టే గానీ, పిల్లలకి పూర్తవ్వనట్టే.

అడిగే దారులు

అడగడం అంటే గొడవ పడటం కాదు. కొన్ని దారులు మన చేతిలోనే ఉన్నాయి.

ఒకటి, కాలేజీ వెబ్‌సైటు. న్యాక్ గుర్తింపు కోసం కాలేజీ తన గురించి తానే రాసుకున్న రిపోర్టు అందులో ఉంటాది. నాలుగో అంశం మొత్తం వసతుల మీదే. ఎన్ని గదులు, ఎంత ఖర్చు అని అక్కడ రాసి ఉంటాది. అది చదివి, లేచెళ్ళి గదులు లెక్కపెట్టండి.

రెండు, సీపీడీసీ. గవర్నమెంటు డిగ్రీ కాలేజీల్లో ఊరివాళ్ళనీ, దాతలనీ, పూర్వ విద్యార్థులనీ కలిపి ఉండే అభివృద్ధి కమిటీ ఇది. మీ కాలేజీ కమిటీలో ఎవరెవరున్నారో ప్రిన్సిపాల్ గారిని మర్యాదగా అడగండి. మీటింగు ఎప్పుడు జరిగిందో కూడా అడగండి.

మూడు, సమాచార హక్కు చట్టం, 2005. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై వాటికి 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. కాయితాలు అడగడమే కాదు, పనిని కళ్ళతో చూడటం, వాడిన సామాను నమూనా తీసుకోవడం కూడా మన హక్కులోనే ఉన్నాయని ఆ చట్టం రెండో సెక్షన్‌లో రాసి ఉంది. ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్ నకళ్ళు అడగండి. డిఫెక్ట్ లయబిలిటీ ఎప్పటిదాకా ఉందో అడగండి.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. మన డిగ్రీ కాలేజీనీ ఐటీఐనీ కలిపినట్టుంటాయి, ఇంటి దగ్గర్నుంచే వెళ్ళి రెండేళ్ళు చదువుకోవచ్చు. కాలిఫోర్నియాలో 2000 సంవత్సరంలో ప్రజలు ఒక రూలు పాస్ చేసుకున్నారు. కాలేజీ బిల్డింగుల కోసం బాండ్ల మీద అప్పు తేవాలంటే ఊరి ఓటర్లలో 55 శాతం ఒప్పుకుంటే చాలు. కానీ ఆ డబ్బు ఎలా ఖర్చవుతుందో చూడ్డానికి కనీసం ఏడుగురితో ప్రజల కమిటీ ఉండాలి. కమ్యూనిటీ కాలేజీ అయితే అందులో ఒకరు అక్కడ చదివే విద్యార్థి అయ్యుండాలి. ఊరికే కుర్చీ వేసి కూర్చోబెట్టడం కాదు, లెక్క చూపించడం.

అక్కడిదాకా ఎందుకండి. మన రాష్ట్రంలో 2019లో మొదలైన నాడు-నేడులో బళ్ళ పనులు కాంట్రాక్టరుకి కాకుండా తల్లిదండ్రుల కమిటీల చేతికే ఇచ్చారు. కొన్నిచోట్ల బాగా జరిగింది, కొన్నిచోట్ల లేదు. కానీ కూలికెళ్ళే అమ్మ కూడా సిమెంటు బస్తాలు లెక్కపెట్టగలదని తేలింది. బళ్ళో కుదిరింది కాలేజీలో ఎందుకు కుదరదు? పైగా కాలేజీలో చదివేవాళ్ళు ఓటు హక్కున్న పెద్దోళ్ళు!

నేను కోరేది పెద్దదేం కాదు. కాలవకి క్లోజర్ ఉన్నట్టు కాలేజీకీ ఏడాదికోసారి ఒక రోజు పెట్టుకోండి. కాలవలు కట్టేసినప్పుడే. ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని, ఒక ఇంజినీరునో, ఊళ్ళో నమ్మకమైన మేస్త్రినో వెంటబెట్టుకుని శ్లాబెక్కండి. గొట్టాల్లో ఆకులు తీయించండి. రావి మొక్క వేళ్ళతో సహా పీకించండి. పగుళ్ళు ఫోనులో ఫొటో తీసి, తేదీ వేసి, పక్కన స్కేలు పెట్టి దాచండి. వచ్చే ఏడాది అదే పగులు అదే చోట కొలిస్తే, పెరిగిందో లేదో అదే చెప్తాది. ఆ కాయితం సంతకాలతో కాలేజీకి ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. రేపు ఏ స్కీము వచ్చినా 'మాకు ఫలానా పని కావాలి' అని చెప్పడానికి ఆధారం అదే.

మా పెదనాన్న ఇప్పుడు పని మానేశాడు. మొన్నామధ్య మా ఊరి కుర్రాడు ఒకడు కాలేజీ కొత్త బ్లాకు ఫొటో చూపిస్తే, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. రంగు గురించి ఏం అనలేదు. "నీళ్ళు ఎటు పోతాయిరా?" అని అడిగాడు.

జూన్‌లో కాలవకి నీళ్ళొదిలే లోపు మీరూ మీ కాలేజీలో ఆ ప్రశ్నే అడగండి.